తాళం వేసితిమి, గొళ్ళెం మరచితిమి

పడకగది తలుపుకు చెవితో తీసే తాళం బిగించుకుందామని ఇంట్లో ఎవరైనా అన్నారనుకోండి. ఆ అన్నది కూతురో, కోడలో అయితే మరీను. మరుక్షణం వచ్చిపడే ప్రశ్న ఒకటే: “ఇంట్లో పరాయివాళ్ళెవరున్నారని? మేమేమన్నా దొంగలమా?” ఆ ప్రశ్నతో చర్చ ముగిసిపోతుంది. అడిగిన మనిషి తలదించుకుంటుంది, తలుపు తెరిచే ఉంటుంది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికే ఈ టపా. గడియ గురించీ, తాళంకప్ప గురించీ ఇంత రాయాలా అని నవ్వే మిత్రులు చివరిదాకా చదివి నవ్వవలసిందిగా మనవి.

ముందుగా ఒక లెక్క. మన ఇళ్ళలో తాళాలు లేవా? వీధి తలుపుకు ఉన్నది. స్కూటరుకు ఉన్నది. అందరికంటే ఘనంగా, ఇనుప బీరువాకు ఉన్నది. ఆ బీరువాలో మళ్ళీ లోపలి అరకు వేరే చెవి ఉన్నది. ఆ చెవుల గుత్తి ఇంటి పెద్దావిడ బొడ్లో ఉంటుంది, లేదా ఇంటి యజమాని దిండు కింద ఉంటుంది. బీరువా ఉన్నది ఇంటి లోపలే కదా! దానికి తాళం వేసినప్పుడు “ఇంట్లో దొంగలున్నారా?” అని ఎవరూ అడగరు. నాలుగు తులాల బంగారానికి తాళం వేస్తే జాగ్రత్త, నిండు మనిషి తన గదికి తాళం వేసుకుంటే అవమానం! బంగారానికి దక్కిన గౌరవం దాన్ని ధరించే మనిషికి దక్కకపోవడం ఏ కుటుంబ ధర్మమో పెద్దలు సెలవివ్వాలి.

బీరువా పాతకాలపు మాట అనుకుంటే, చేతిలోని ఫోను చూడండి. వేలిముద్ర పెట్టనిదే తెరుచుకోదు, ముఖం చూపనిదే పలకదు. అందులో బ్యాంకు ఖాతా, పాత స్నేహితుల ఉత్తరాలు, ఎవరికీ చూపని ఫొటోలు. కుటుంబంలో రహస్యాలు ఉండరాదని ఉపన్యసించే పెద్దమనిషి తన ఫోనుకు పెట్టుకున్న అంకెలు భార్యకు చెప్పడు. చెప్పనవసరం లేదని నా అభిప్రాయం కూడా. కాని జేబులో ఉన్న అరచేతంత గదికి తాళం న్యాయమైనప్పుడు, పది అడుగుల గదికి అన్యాయం ఎట్లా అవుతుంది?

ఇక “ఇది పాశ్చాత్యుల పోకడ, మన సంప్రదాయంలో లేదు” అనే వాదం. మన పాత ఇళ్ళలో ఉగ్రాణానికి తాళం ఉండేది, ధాన్యపు కొట్టుకు తాళం ఉండేది, తెలంగాణలో దేవునర్రకూ గొళ్ళెం ఉండేది. తాళం చెవి పట్టినవారిదే పెత్తనమని మనకు ఎవరూ నేర్పనక్కరలేదు. పెత్తనం అప్పగించడమంటే తాళాలు అప్పగించడమే కదా మన భాషలో! ఏకాంతం కూడా మనకు అరువు తెచ్చుకున్న మాట కాదు. తెల్లవారుజాము నుంచి లోకమంతటికీ దర్శనమిచ్చే తిరుమల శ్రీనివాసునికి రాత్రి ఏకాంతసేవ ఉన్నది. ఆ సేవ ముగిసి బంగారువాకిలి మూసిన తరువాత సుప్రభాతం దాకా ఎంతటివారైనా బయట నిలబడవలసిందే. దేవుడు తలుపు మూసుకుంటే భక్తుల మీద అనుమానం అని ఎవరూ అనుకోలేదు. మనిషి మూసుకుంటేనే అనుమానం.

ఈ వాదాన్ని నేను పెద్దపల్లి జిల్లా బొగ్గు పట్టణాల నుంచి మొదలుపెట్టడానికి కారణం ఉన్నది. గోదావరిఖని, ఎయిటింక్లైన్ కాలనీ, సెంటినరీ కాలనీ వంటి చోట్ల మూసిన తలుపుకు ఉన్న విలువ అందరికీ తెలుసు. గనిలో మూడు షిఫ్టులు. రాత్రి డ్యూటీ చేసి పొద్దున ఇల్లు చేరిన కార్మికుడు పగలు పడుకుంటాడు. అప్పుడు ఇంట్లో వినిపించే మాట బొగ్గు బాయి పిల్లలందరికీ పాఠమే: “నాయిన నైట్ డ్యూటీ చేసొచ్చి పండుకున్నడు, లొల్లి చెయ్యకుండ్రి.” తలుపు దగ్గరికి వేస్తారు, టీవీ గొంతు తగ్గిస్తారు, వచ్చిన చుట్టాన్ని వాకిట్లోనే కూర్చోబెడతారు. ఎండాకాలం నలభై అయిదు డిగ్రీలు దాటే రామగుండంలో ఇంట్లో ఉన్న ఒక్క కూలరు ఆ గదికే పెడతారు. ఇది దయ కాదు. భూగర్భంలో ప్రాణం పణంగా పెట్టి పనిచేసినవాడికి నిద్ర హక్కు. దాన్ని గౌరవించడం ఈ నేల సంస్కారం. ఇందులో నాకు ఏ ఆక్షేపణా లేదు.

నా ప్రశ్న ఒక్కటే. ఆ ఇంట్లో మూడు షిఫ్టులూ చేసే మనిషి ఇంకొకరు ఉన్నారు కదా? మొదటి షిఫ్టుకు చీకటితో లేచి టిఫిన్ డబ్బా కట్టేది ఆమె. రెండో షిఫ్టు దిగి అర్ధరాత్రి వచ్చినవాడికి అన్నం వేడిచేసేది ఆమె. నైట్ డ్యూటీ నిద్ర చెడకుండా పిల్లల్ని పగలంతా అదిలించేది ఆమె. ఆమెకు మస్టర్ లేదు, ప్లే డే లేదు. ఆమె మధ్యాహ్నం ఒక గంట తలుపు మూసుకుని పడుకుంటే మాత్రం “ఏమైంది, ఒంట్లో బాగలేదా?” అని తలుపు తడతారు. ఒంట్లో బాగుండి కూడా ఒంటరిగా ఉండాలనిపించడం స్త్రీకి సంబంధించినంతవరకు ఒక జబ్బు! తలుపు మూసుకునే హక్కును మనం జీతానికి ముడిపెట్టామన్నమాట. పోనీ, జీతం ఉన్న స్త్రీకైనా ఆ హక్కు ఉన్నదా? 1952 నాటి గనుల చట్టం భూగర్భంలో స్త్రీల పనిని నిషేధించింది. 2019లో కేంద్ర ప్రభుత్వం ఆ నిషేధాన్ని కొంత సడలించి, సాంకేతిక, పర్యవేక్షణ, నిర్వహణ పనులకు, వారి రాతపూర్వక సమ్మతితో, పగటి వేళల్లో స్త్రీలు గనిలోకి దిగవచ్చునన్నది. గనిలోకి దిగగలిగిన అమ్మాయి కూడా ఇంటికి వచ్చి తన గదికి గడియ పెట్టుకోవాలంటే ఇంకా ఎవరి అనుమతి కోసమో చూడవలసి రావడం విడ్డూరం.

గనుల దాకా వచ్చాము కాబట్టి, తాళం గురించి గని ఏం చెబుతుందో చూద్దాం. తాళం, చెవి, దారి అనే మూడు విషయాల మీద గని నిబంధనలకు ఉన్న స్పష్టత మన ఇళ్ళకు లేదు.

మొదటిది, చెవి. బొగ్గు పేల్చడానికి వాడే మందుగుండును తాళం వేసిన పెట్టెలోనే తీసుకుపోవాలి. ఆ పెట్టె చెవి షిఫ్టంతా షాట్‌ఫైరర్ దగ్గరే ఉండాలి. ఎందుకు? బాధ్యత అతనిది కాబట్టి. పేలుడుకు జవాబు చెప్పవలసినవాడి దగ్గర చెవి లేకపోతే ఆ బాధ్యతకు అర్థం లేదు. పై అధికారి మీద గౌరవం కొద్దీ చెవిని ఆయన జేబులో వేయడం మర్యాద కాదు, తప్పు. ఎవరిది బాధ్యతో వారిదే చెవి. ఇదే సూత్రాన్ని ఇంటికి తెండి. ఒక గదిలో పడుకునే మనిషి తన దేహానికీ, తన కాగితాలకూ, తన నిద్రకూ తానే జవాబుదారీ. చెవి ఆ మనిషిదే కావాలి.

రెండవది, తాళం. పాతకాలపు సేఫ్టీ ల్యాంపుకు అయస్కాంతంతో తప్ప తెరుచుకోని తాళం ఉంటుంది. దీపం పట్టుకున్నవాడు కూడా లోపల దాన్ని తెరవలేడు. తెరిస్తే మంట బయటికి వచ్చి, గనిలో మండే వాయువు ఉంటే అందరి ప్రాణాలూ పోతాయి. అంటే తాళం అనేది దానంతట అది మంచిదీ కాదు, చెడ్డదీ కాదు. దేనిని కాపాడుతున్నది అన్నదే ప్రశ్న.

మూడవది, అన్నిటికంటే ముఖ్యమైనది, దారి. 1957 నాటి బొగ్గు గనుల నిబంధనలు గానీ, వాటి స్థానంలో 2017లో వచ్చిన నిబంధనలు గానీ చెప్పే ప్రాథమిక సూత్రం: భూగర్భంలో మనుషులు పనిచేయాలంటే పైకి రావడానికి కనీసం రెండు దారులు ఉండాలి. ఒకటి మూసుకుపోతే రెండోది ప్రాణం. లోపల ఉన్న మనిషి బయటికి రాలేని స్థితిని గని ఒప్పుకోదు. మరి మన ఇళ్ళు?

ఇక్కడే నేను రెండో వర్గంతో కూడా తగవు పెట్టుకోవలసి వస్తున్నది. గదికి తాళం వద్దనేవారు ఒక వర్గం. గదికి తాళం కావాలి, కాని బయట వైపు కావాలి అనేవారు ఇంకొక వర్గం. చాలాసార్లు ఈ రెండు వర్గాలూ ఒకే మనిషిలో కాపురముంటాయి. కూతురు లోపల గడియ పెట్టుకుంటే సంసారం కూలిపోతుందనే తండ్రే, ఆ కూతురు వేరే కులం అబ్బాయిని ఇష్టపడిందని తెలిసిన రోజున అదే తలుపుకు బయట నుంచి తాళంకప్ప తగిలిస్తాడు. అప్పుడు “ఇంట్లో దొంగలున్నారా?” అనే ప్రశ్న ఎవరికీ గుర్తురాదు. లోపలి గడియ స్వేచ్ఛ, బయటి తాళం జైలు. ఈ రెంటినీ ఒకే మాటతో పిలవడం మన భాష చేసిన మోసం కాదు, మనం చేసుకున్న సౌకర్యం.

మనిషిని గదిలో పెట్టి తాళం వేయడం పెంపకం కిందికి రాదు, నేరం కిందికి వస్తుంది. భారత శిక్షాస్మృతిలో 342వ సెక్షనుగా ఉన్న అక్రమ నిర్బంధం 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 127వ సెక్షనులో ఉన్నది. శిక్ష ఏడాది దాకా జైలు. తండ్రి అయితే మినహాయింపు అని అందులో రాయలేదు. ఇద్దరు వయోజనులు ఒకరినొకరు ఎంచుకున్నప్పుడు కుటుంబం సమ్మతి గానీ, కులం సమ్మతి గానీ అవసరం లేదని సుప్రీంకోర్టు 2018లో శక్తివాహిని కేసులో స్పష్టంగా చెప్పింది.

“మతిస్థిమితం లేనివారు, మతిమరుపు వచ్చిన ముసలివారు ఉంటే తాళం వేయక ఏం చేస్తాం? మేము డ్యూటీకి పోవద్దా?” అని అడిగేవారి కష్టం నిజమైనది. దాన్ని నేను తేలికచేయను. కాని 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో జరిగింది గుర్తుచేస్తాను. మానసిక రోగులను గొలుసులతో కట్టి ఉంచిన ఒక పాకకు నిప్పంటుకుంటే 28 మంది కట్టివేసిన చోటనే కాలిపోయారు. వారిని కట్టినవారు కూడా వారి మేలుకే కట్టామన్నారు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 95వ సెక్షను ఏ రూపంలోనూ గొలుసులు వేయరాదని నిషేధించింది. గొలుసుకూ, బయట వేసిన తాళానికీ నిప్పు దగ్గర తేడా ఏముంటుంది? వంటగదిలో గ్యాసు లీకయితే, కూలరు వైరు అంటుకుంటే, లోపలి మనిషికి ఉన్న ఒకే దారిని మన చేత్తో మనమే మూసి, చెవి జేబులో వేసుకుని పోయామన్నమాట. అటువంటి వారిని చూసుకోవడానికి వంతులు వేసుకోవాలి, పొరుగింటివారిని అడగాలి, వీధి తలుపు దగ్గర మనిషిని పెట్టుకోవాలి. ఇది ఖర్చు, శ్రమ. నిజమే. తాళం చవక కాబట్టి వేస్తున్నాము, మంచిది కాబట్టి కాదు. ఆ సంగతైనా ఒప్పుకుందాం.

మళ్ళీ లోపలి గడియకు వద్దాం. పడకగది ఏకాంతం మీద దేశంలో పేరుపడిన తీర్పులలో ఒకటి మన తెలుగు నేల మీద వచ్చిందని మిత్రులలో కొందరికి తెలిసే ఉంటుంది. భర్తను వదిలి వేరుగా ఉంటున్న నటి సరితను కాపురానికి పంపించవలసిందిగా కోరుతూ భర్త వేసిన కేసు అది. 1983లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో న్యాయమూర్తి పి.ఎ. చౌదరి, హిందూ వివాహ చట్టంలోని 9వ సెక్షను రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేశారు. తన దేహాన్ని ఎవరు, ఎప్పుడు తాకాలన్న నిర్ణయం ఆ స్త్రీదేననీ, రాజ్యం డిక్రీ ఇచ్చి ఆ నిర్ణయాన్ని లాక్కోరాదనీ ఆ తీర్పు సారం. మరుసటి ఏడు, 1984లో, సుప్రీంకోర్టు సరోజ్‌రాణి కేసులో ఆ సెక్షనును నిలబెట్టి, చౌదరిగారి తీర్పును తోసిపుచ్చింది. ఆ తీర్పు ఓడింది, కాని ఆ ప్రశ్న ఓడలేదు. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో ఏకాంతం ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవంగా ప్రకటించింది. ఏకాంతం పేరు చెప్పి నాలుగు గోడల నడుమ స్త్రీ మీద జరిగే హింసను కప్పిపుచ్చరాదన్న స్త్రీవాదుల విమర్శ కూడా ఆ తీర్పులో చర్చకు వచ్చింది. దీని నుంచి నేను గ్రహించింది ఇది: ఏకాంతం ఇంటిది కాదు, మనిషిది. వీధి తలుపు మూస్తే కుటుంబానికి ఏకాంతం రావచ్చు. ఆ తలుపు వెనుక ఒక్కొక్క మనిషికీ ఇంకొక తలుపు ఉంటేనే ఏకాంతం పూర్తవుతుంది. మనం వీధి తలుపుకు తాళం వేసి, లోపలి గొళ్ళెం మరచినవాళ్ళం.

ఇల్లు ఎవరిదన్న ప్రశ్న కూడా దీనితో ముడిపడి ఉన్నది. హిందూ వారసత్వ చట్టంలో 23వ సెక్షను ఒకటి ఉండేది. కుటుంబం ఉంటున్న ఇంటిని మగ వారసులు పంచుకోదలచేదాకా ఆడ వారసులు పంపకం అడగరాదని దాని భావం. అందులో ఉండే హక్కు కూడా పెళ్ళికానివారికీ, విడిచిపెట్టబడినవారికీ, వేరుపడినవారికీ, వితంతువులకూ మాత్రమే. పుట్టిన ఇంట్లో ఉండాలంటే ఏదో ఒక దురదృష్టం పాలై ఉండాలన్నమాట! 2005లో ఆ సెక్షనును తొలగించారు. అదే ఏడాది వచ్చి 2006 అక్టోబరు 26న అమలైన గృహహింస నిరోధక చట్టం 17వ సెక్షను, ఇంటి మీద హక్కుపత్రం ఉన్నా లేకున్నా, ఉమ్మడిగా కాపురమున్న ఇంట్లో నివసించే హక్కు స్త్రీకి ఇచ్చింది. చట్టం ఇల్లు ఇచ్చింది. ఇంట్లో మూల ఏదో చట్టం చూపించలేదు. ఆ మూల చూపించవలసినది మనమే.

ఇబ్సెన్ 1879లో రాసిన ‘ఎ డాల్స్ హౌస్’ నాటకంలో ఉత్తరాల డబ్బాకు ఒకే చెవి, అది భర్త దగ్గర. తాళంలో విరిగిన తలపిన్ను ఇరుక్కుని ఉంటే, అది పిల్లల పని అయి ఉంటుందని నోరా సర్దిచెప్పుకోవలసి వస్తుంది. చెవి లేని మనిషి చివరకు అబద్ధమాడవలసి వస్తుందని అంతకంటే బాగా చెప్పినవారు లేరు. తాళం ఇవ్వకపోతే రహస్యాలు ఉండవని పెద్దలు అనుకుంటారు. రహస్యాలు ఎక్కడికీ పోవు, బియ్యం డబ్బా అడుగుకూ, చీర మడతల్లోకీ పోతాయి. తాళం ఉన్నచోట నిజాయితీగా “ఇది నాది, చూడవద్దు” అని చెప్పవచ్చు. తాళం లేనిచోట దాచుకోవడమే మిగులుతుంది.

“గడియ పెట్టుకుని పిల్లవాడు ఏ అఘాయిత్యమో చేసుకుంటే?” ఈ భయాన్ని గౌరవిస్తాను. మార్కుల కాలంలో ఏ తల్లి గుండె నిబ్బరంగా ఉంటుంది? కాని తలుపు తీసి ఉంచడం మాట్లాడడానికి బదులు కాదు. తడితే తీస్తారన్న నమ్మకం ఉన్న ఇంట్లో ప్రమాదాన్ని ముందే పసిగట్టవచ్చు. తట్టకుండా దూసుకొచ్చే ఇంట్లో పిల్లలు తలుపులు తెరిచి ఉంచినా మనసులు మూసుకుంటారు. నిజంగా ప్రమాదపు జాడ కనిపిస్తే, పిల్లవాడికి చెప్పి కొన్నాళ్ళు గడియ తీసివేయండి, వైద్యునికి చూపించండి. చాటుగా మాత్రం వద్దు.

“మాది రెండు గదుల క్వార్టరు, ఎవరికి గది, ఎవరికి తాళం?” ఇది అన్నిటికంటే న్యాయమైన ఆక్షేపణ. గది లేనిచోట గంట ఇవ్వండి. నైట్ డ్యూటీ నిద్రకు ఇల్లంతా నిశ్శబ్దం పాటించగలిగిన కుటుంబానికి, రోజుకు ఒక గంట ఒక్కొక్కరికి తలుపు వేసి ఇవ్వడం చేతకాని పని కాదు. ఒక ట్రంకు పెట్టె, దానికి ఒక తాళం, ఆ చెవి ఆ మనిషి దగ్గరే. అంతమాత్రమైనా ఉండాలి.

ఇప్పుడు వడ్రంగిని పిలిచేవారికి నాలుగు మాటలు. తలుపు లోపలి వైపు నుంచి చెవి అవసరం లేకుండా, చేత్తో తిప్పితే తెరుచుకునే తాళమే కొనండి. రెండు వైపులా చెవి కావలసిన తాళం పడకగదికి పనికిరాదు, పొగ నిండిన చీకటిలో చెవి వెతకడం ఎవరి తరమూ కాదు. రెండో చెవి ఇంట్లో ఎవరి దగ్గర ఉండాలో ఆ గదిలో పడుకునే మనిషినే నిర్ణయించనివ్వండి, అత్యవసరానికి తప్ప వాడనని ఆ చెవి తీసుకున్నవారు మాట ఇవ్వాలి. చిన్నపిల్లల చేతికి అందే ఎత్తులో గడియ పెట్టించకండి. అద్దె ఇల్లయితే తలుపు తొలిచే ముందు యజమానిని అడగండి. అన్నిటికంటే ముందు, పడకగది తలుపుకు బయట వైపు పాత గొళ్ళెం గానీ, తాళంకప్ప తగిలించే కొండి గానీ ఉంటే, అదే వడ్రంగి చేత అదే రోజు ఊడదీయించండి. కొత్త తాళం కంటే ఆ పని ముఖ్యం.

తాళం అనుమానానికి గుర్తు అనేవారితో నా చివరి మాట. తెరిచిన తలుపులోకి రాకుండా ఉండడంలో గొప్పతనమేమీ లేదు, రావలసిన పని లేకపోయి ఉండవచ్చు. మూసిన తలుపు ముందు ఆగి, తట్టి, “రావచ్చా?” అని అడిగి, “ఇప్పుడు కాదు” అంటే చిన్నబుచ్చుకోకుండా వెనుదిరగగలగడమే నమ్మకం. ఈ రాత్రి పడుకోబోయే ముందు మీ ఇంట్లోని తాళాలన్నీ ఒకసారి లెక్కపెట్టండి. ఒక్కొక్కదాని చెవి ఎవరి దగ్గర ఉన్నదో పక్కన రాయండి. ఆ జాబితాలో ఒక్కసారి కూడా పేరు రానివారు ఎవరో చూసి, ముందు వారిని అడగండి, ఏ తలుపు కావాలో.